చిట్టెలుకల మందను పెంచిన ఏబీ లాత్రోప్

ఎలుక మాట ఎత్తగానే రైతుకు కోపము వచ్చుట సహజము. గాదెలో గింజకు, మడిలో వెన్నుకు, గట్టున బొరియకు, మూడు చోట్లను నష్టము తెచ్చు జంతువది. మా శాఖవారు మీతో ఎలుకను గూర్చి మాట్లాడినప్పుడెల్ల ఎర పెట్టుటను గూర్చియో, బొరియలకు పొగ పట్టించుటను గూర్చియో చెప్పుదురు. ఈసారి ఎలుకలను చంపుటను గూర్చి గాక, పెంచిన ఒక రైతు మహిళను గూర్చి చెప్పదలచినాను. తొందరపడి పుట తిప్పివేయవద్దు. మీ గొర్రెల మందకు, పాడిపశువులకు పనికివచ్చు సంగతులు ఈ కథలో కలవు.

ఆమె పేరు ఏబీ లాత్రోప్. 1868లో అమెరికా దేశమున ఇల్లినాయి రాష్ట్రములో జన్మించినారు. తల్లిదండ్రులిద్దరును బడిలో పాఠములు చెప్పినవారు. పదహారేండ్లు వచ్చువరకు ఆమెకు ఇంటివద్దనే చదువు. పిమ్మట రెండేండ్లు మాత్రము పాఠశాలకు వెళ్ళినారు. పంతొమ్మిదవ ఏట ఉపాధ్యాయురాలి యోగ్యతాపత్రము పొంది, కొన్నేండ్లు చిన్నపిల్లలకు చదువు చెప్పినారు. అంతలో మొండి రక్తహీనత పట్టుకొనుటచే ఉద్యోగము మానవలసి వచ్చినది. 1900లో మసాచుసెట్స్ రాష్ట్రములోని గ్రాన్బీ అను పల్లెకు చేరి కోళ్ళ పెంపకము ప్రారంభించినారు. అది సాగలేదు, నష్టము వచ్చినది. కోళ్ళ షెడ్డు వేసి చేతులు కాల్చుకొన్నవారు మన పాఠకులలోను ఉందురు. ఆ తరువాత మరియొక దారి వెదకుకొనుట ఎంత కష్టమో వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

మన ఊళ్ళలో కొందరు సరదాకు పావురాలను పెంచినట్లే, ఆ దేశములలో ఆ రోజులలో రంగురంగుల చిట్టెలుకలను పెంచువారు ఉండెడివారు. తెలుపు, నలుపు, గోధుమ, పసుపు రంగుల ఎలుకలు, మచ్చల ఎలుకలు ధర పలికేవి. వానిలో జపాను నుండి వచ్చిన ఒక రకము వింతైనది. ఆ ఎలుక తిన్నగా నడువదు; తన చుట్టు తాను గిరగిర తిరుగుచుండును. నాట్యమాడుచున్నదని జనము ముచ్చటపడి కొనెడివారు. అది నాట్యము కాదు, పుట్టుకతో వచ్చిన లోపలి చెవి లోపము. లాత్రోప్ గారు ఈ గిరగిర ఎలుకల జతతో వ్యాపారము మొదలుపెట్టినారు.

చిట్టెలుక చూలు మోయునది మూడు వారములు. ఒక ఈతలో ఆరు నుండి ఎనిమిది పిల్లల వరకు వేయును. ఆ పిల్లలు రెండు నెలలలోపుననే మరల ఈనుటకు తగిన వయస్సునకు వచ్చును. అనగా ఏటికి మూడు నాలుగు తరములు గడచును. ఆవుకు ఒక్క తరము గడచుటకే మూడు నాలుగేండ్లు పట్టుచుండగా, ఎలుకలలో ముత్తవ్వను, మునిమనుమరాలిని ఒకే సంవత్సరమున చూడవచ్చును. ఈ సంగతియే చిట్టెలుకను శాస్త్రజ్ఞుల బల్లమీదకు తెచ్చినది.

సరిగా ఆ 1900 సంవత్సరముననే ఐరోపాలో మరియొక విశేషము జరిగినది. గ్రెగర్ మెండెల్ అను క్రైస్తవ సన్యాసి బఠాణీ మొక్కలను సంకరపరచి 1866లో ప్రచురించిన వంశానుగత సూత్రములు ముప్పదినాలుగేండ్లు మరుగునపడి, ఆ ఏట మరల వెలుగులోకి వచ్చినవి. బఠాణీలో నిజమైనది జంతువులలోను నిజమగునా అని అందరును ప్రశ్నించిరి. 1902లో ఫ్రాన్సు దేశమున లూసియెన్ క్యూనో అను శాస్త్రజ్ఞుడు చిట్టెలుకల రంగులలో అదే సూత్రము పనిచేయుచున్నదని చూపినారు. బోదె రంగు ఎలుకను తెల్ల ఎలుకతో కలిపిన మొదటి తరమంతయు బోదె రంగే. ఆ పిల్లలను తమలో తాము కలిపిన రెండవ తరమున నాలుగింట ఒక వంతు తెల్లవి తిరిగి పుట్టును. తెల్లదనము పోలేదు, ఒక తరము దాగియున్నది.

అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున విలియం కాజిల్ అను ఆచార్యుడు ఇట్టి ప్రయోగములే చేయబూనినారు. వానికి కావలసినది ఏ రంగుకా రంగు వేరుగా పెంచిన, తల్లిదండ్రులు తెలిసిన ఎలుకలు. బోనులో పట్టిన దొంగ ఎలుక అందుకు పనికిరాదు. 1902లో వారు గ్రాన్బీకి ఆర్డరు పంపినారు. సరదా కొరకు అమ్ముకొను మంద నుండి ఒక విశ్వవిద్యాలయమునకు ఎలుకలు వెళ్ళినవి. తరువాత మరికొన్ని ప్రయోగశాలలును అడిగినవి.

ఆ కొట్టమును కొంచెము ఊహించుకొనుడు. గడ్డి పరచిన చెక్కపెట్టెలు వరుసలు వరుసలుగా ఉండును. ఒక దశలో 11,000కు పైగా ఎలుకలు అందుండెను. నెలకు ఒకటిన్నర టన్ను ఓట్సు గింజలు, డజను పీపాలకు మించిన గట్టి బిస్కట్లు వానికి మేత. పెట్టెలు శుభ్రము చేయుటకు ఊరి పిల్లలను గంటకు ఏడు సెంట్ల కూలికి పెట్టుకొన్నారు. ఎలుకలతో పాటు గినీ పందులను, కుందేళ్ళను కూడ పెంచినారు. మొదటి ప్రపంచయుద్ధకాలమున, కందకములలో విషవాయువును పసికట్టుటకు గినీ పందులు కావలెనని ప్రభుత్వము వారును ఆమెనే అడిగినారు.

ఇంతవరకు చెప్పినది మంచి వ్యాపారము. ఆమె తన బడిపంతులమ్మ అలవాటును కొట్టములోనికి తెచ్చుకొనుటచే అది శాస్త్రమైనది. ఏ జతకు ఏ పిల్లలు పుట్టినవో, ఏ కుటుంబము దేనితో కలిసినదో నోటుపుస్తకములలో వ్రాసి ఉంచినారు. కుటుంబములను కలగాపులగము కానీయలేదు. పదకొండువేల ప్రాణులలో ఇది సాధ్యమైనది! మనమో, నాలుగు గేదెలు ఉన్న ఇంట "ఈ పెయ్య ఏ దున్నకు పుట్టినది?" అని అడిగిన, ముగ్గురు మూడు మాటలు చెప్పుదుము. నేను ఈ మాట ఎగతాళికి అనుటలేదు. ప్రతి గ్రామమున నాకు ఎదురగు సంగతి.

1908 ప్రాంతమున కొన్ని ఎలుకల చర్మముపై గడ్డలు లేచుట ఆమె కంటబడినది. మరియొకరైనచో జబ్బు ఎలుకలను ఏరి పారవేసి, మిగిలినవి అమ్ముకొనెడివారు. ఆమె ఆ గడ్డల నమూనాలను, తన వద్ద ఎలుకలు కొను శాస్త్రజ్ఞులకు పంపి, ఇది ఏమని అడిగినారు. లియో లోబ్ అను వైద్యశాస్త్రజ్ఞుడు పరీక్షించి అది రాచపుండు, అనగా కాన్సరు, అని తేల్చినారు. అక్కడ నుండి వారిద్దరును కలిసి పనిచేసినారు. 1913 మొదలు 1919 వరకు ఇద్దరి పేర్లతో పది శాస్త్రవ్యాసములు వెలువడినవి. కళాశాల పట్టము లేని పల్లెటూరి స్త్రీ పేరు వైద్యపత్రికలలో రచయితగా అచ్చగుట ఆ దినములలో చిన్న విషయము కాదు.

వారు కనుగొన్నదేమి? మొదటిది: అన్ని ఎలుక కుటుంబములకు రాచపుండు ఒకే విధముగా రాదు. ఒకే కొట్టము, ఒకే మేత. అయినను కొన్ని కుటుంబములలో విరివిగా, కొన్నిటిలో అరుదుగా వచ్చినది. పుస్తకమున కుటుంబములు వేరు వేరుగా లేకున్నచో ఈ తేడా ఎన్నటికిని బయటపడెడిది కాదు. రెండవది: పడుచు ఆడ ఎలుకలకు అండాశయములను తీసివేసిన రొమ్ము గడ్డలు తగ్గినవి, ఎంత చిన్న వయస్సున తీసిన అంత తగ్గినవి. పిల్లలను కనిన ఎలుకలలో, కననివానికంటె ఎక్కువగా వచ్చినవి. అనగా పుట్టుకతో వచ్చు గుణమొకటి, శరీరము లోపల ఊరు రసముల ప్రభావమొకటి, రెండును కలిసి ఈ జబ్బును నడుపుచున్నవని వారి లెక్కలు చూపినవి. నేటి వైద్యులు రొమ్ము కాన్సరుకు హార్మోనులను అదుపుచేయు మందులు ఇచ్చునప్పుడు, దాని వెనుకనున్న తొలి ఆధారములలో గ్రాన్బీ కొట్టమును ఒకటి.

ఇచట కాజిల్ గారి శిష్యుడు క్లారెన్స్ లిటిల్‌ను గూర్చి చెప్పవలెను. 1909లో, ఇంకను యువకుడుగా ఉండగనే, లిటిల్ ఒక సాహసము చేసినారు. ఒక ఈతలోని అన్నాచెల్లెళ్ళనే జతకట్టించి, వాని పిల్లలలో మరల అన్నాచెల్లెళ్ళను కలిపి, తరము తరువాత తరము అట్లే సాగించినారు. అట్లు చేసిన వంశము నశించునని పెద్దలు హెచ్చరించినారు. నిజముగనే చాల ఎలుకలు బలహీనపడి చచ్చినవి. నిలిచినవి మాత్రము తరములు గడచిన కొలది ఒకే అచ్చున పోసినట్లయినవి.

ఈ సంగతి ఒక రైతు సమావేశములో చెప్పగా, ఒక గొర్రెల కాపరి లేచి అడిగినాడు: "దగ్గరి రక్తము కలిస్తే మంద పాడైపోతుందని మీరే చెపుతారు గదండీ, మరి అంత చదువుకున్నవాళ్ళు అదే పని ఎందుకు చేశారు?" చాల మంచి ప్రశ్న. సమాధానము మీ పొలముననే ఉన్నది.

ఒక కొత్త ఎరువు పనిచేయుచున్నదో లేదో చూడవలెనన్న మనమేమి చేయుదుము? ఒకే నేల, ఒకే విత్తనము, ఒకే తడి గల రెండు మళ్ళు తీసుకొని ఒకదానికి ఎరువు వేసి, ఒకదానికి వేయక చూతుము. ఒక మడిలో కేళీ కలిసిన విత్తనము, మరియొక దానిలో శుద్ధమైన విత్తనము చల్లినచో, తేడా ఎరువుదో విత్తనానిదో ఎవరు చెప్పగలరు? మందు పరీక్షించు వైద్యునికి ఎలుకయే మడి. ప్రతి ఎలుక వేరొక రకమైనచో అతని లెక్క తేలదు. అందుచేత వారికి, కవలపిల్లలవలె ఒకదానికొకటి సరిపోలు ఎలుకలు కావలెను. అన్నాచెల్లెళ్ళ కలయిక ఒక్కసారి జరిగిన, పుట్టిన పిల్లలో నూటికి ఇరువదియైదు వంతులు జన్యువుల జతలు ఒకే పూర్వుని నుండి రెండు వైపులను వచ్చి ఒకటైపోవును. ఇరువది తరములు వరుసగా జరిగిన అది నూటికి 98 వంతులు దాటును. ఇరువది తరములు అట్లు దాటినదానినే శుద్ధవంశమని పిలుచుట ఆచారమైనది.

శాస్త్రజ్ఞుడు సమానత్వమును కోరి బలమును వదులుకొన్నాడు. మందకాపరికి బలమే కావలెను. దాగియున్న చెడుగుణములు దగ్గరి రక్తము కలిసినప్పుడు బయటపడును. నాట్యమాడు ఎలుకల చెవి లోపము అట్టిదే. తల్లి వైపునుండి, తండ్రి వైపునుండి రెండును వచ్చిననే అది కనబడును. ఒక్క పొట్టేలునే నాలుగైదేండ్లు మందలో ఉంచినచో అది తన కూతుళ్ళనే దాటును. తండ్రి కూతుళ్ళ కలయికయు, అన్నాచెల్లెళ్ళ కలయికయు ఈ లెక్కలో సమానమే. పిల్లలు చిన్నవిగా పుట్టుట, ఎక్కువగా చచ్చుట, చూలు నిలువకుండుట దాని ఫలితములు. కావున విత్తనపు పొట్టేలును రెండేండ్లకొకసారి దూరపు మంద నుండి మార్చుకొనవలెను. తమ పొట్టేలు ఎంత అందగాడైనను సరే! పాడిపశువులకు కృత్రిమ గర్భోత్పత్తి చేయించువారు ఆబోతు నంబరును కార్డుపై వ్రాయించుకొని దాచవలెను. ఆ నంబరు లేనిదే, ఆ పెయ్యకు మూడేండ్ల తరువాత తండ్రి వీర్యమే రాకుండ చూచుట ఎవరికిని చేతగాదు.

శుద్ధవంశముల మరియొక ఉపయోగమును మీరు చేలో చూచియే ఉందురు. కాజిల్, లిటిల్ పనిచేసిన బస్సీ సంస్థ మొదట హార్వర్డువారి వ్యవసాయ పాఠశాల. ఎలుకలు ఒక వైపున ఉండగా, ఎడ్వర్డ్ ఈస్ట్ అను ఆచార్యుడు అచటనే మొక్కజొన్నపై ఇదే పని చేసినారు. తన పుప్పొడి తనకే పట్టించి తరములు నడిపిన, మొక్కజొన్న గిడసబారి పోవును. అట్టి రెండు వేరు వంశములను కలిపినచో పుట్టునది రెండింటిని మించిన బలముతో లేచును. 1961లో మన దేశమున విడుదలైన మొదటి సంకర మొక్కజొన్నలు గంగ, రంజిత్, దక్కన్ రకములు ఈ సూత్రము పండించినవే.

తిరిగి గ్రాన్బీకి వత్తము. లాత్రోప్ గారిని పడుచుతనమున పట్టిన రక్తహీనత విడువలేదు. 1918లో, ఏబదియేండ్ల వయస్సున, ఆ జబ్బుతోనే మరణించినారు. కాలేయము తినిపించిన ఆ వ్యాధి లొంగునని వైద్యులు తెలుసుకొన్నది 1926లో; ఎనిమిదేండ్లు ఆలస్యమైనది. భీమవరమున పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1923లో అదే మసాచుసెట్స్ రాష్ట్రమునకు వెళ్ళి, హార్వర్డు వైద్యకళాశాలలో ఆ వ్యాధికి మందైన కాలేయసారమును శుద్ధిచేయు పరిశోధనలో పాల్గొన్నారు. ఆమె మరికొన్నేండ్లు బ్రతికియుండిన, ఒక తెలుగువాని చేతిపని ఆమెకు ఉపయోగపడి యుండెడిదేమో.

ఆమె మంద మాత్రము చావలేదు. ఆ మందనుండి వచ్చిన 57వ నంబరు ఆడ ఎలుకను, 52వ నంబరు మగ ఎలుకతో 1921లో లిటిల్ జతకట్టించినారు. వాని నల్లపిల్లల సంతతిని అన్నాచెల్లెళ్ళుగా నడిపిన వంశమే సి–57 నల్ల ఎలుక. ప్రపంచమున ప్రయోగశాలలలో దీనికంటె ఎక్కువగా వాడబడిన చిట్టెలుక వంశము లేదు. 1929లో లిటిల్ మెయిన్ రాష్ట్రపు సముద్రతీరమున బార్ హార్బర్‌లో జాక్సన్ ప్రయోగశాలను స్థాపించి, ఎలుకలను పెంచి అందరికిని పంపుట మొదలుపెట్టినారు. (ఇదే లిటిల్ 1954లో పొగాకు కంపెనీల పరిశోధన సంఘమున చేరి, పొగత్రాగుటకును రాచపుండునకును సంబంధము రుజువు కాలేదని వాదించుచు వచ్చినారు. 1964లో అమెరికా ప్రభుత్వపు నివేదిక ఆ సంబంధమును తేల్చిచెప్పినది. గొప్ప పని చేసిన చేయి ప్రతిసారి గొప్ప పనే చేయునని లేదు.)

ఆ ప్రయోగశాలలో 1936లో జాన్ బిట్నర్ కనుగొన్నదానిని పాడిరైతు మరచిపోరాదు. రాచపుండు విరివిగా వచ్చు వంశపు ఆడపిల్లలను, పుట్టిన వెంటనే తల్లినుండి తీసి, జబ్బు అరుదైన వంశపు తల్లి వద్ద పాలు త్రాగించినారు. గడ్డలు బాగుగా తగ్గినవి. అనగా రక్తమున వచ్చినదనుకొన్నదానిలో కొంత పాలతో వచ్చినది; పాలలోనున్న ఒక వైరసు దానికి మూలమని తరువాత తెలిసినది. లాత్రోప్, లోబ్ చూచిన కుటుంబపు తేడా అబద్ధము కాలేదు, దానికి మరియొక పొర ఉన్నదని తేలినది. ఒక పెయ్య సరిగా ఎదగనప్పుడు "జాతే అంత" అని తీర్పు చెప్పుటకు ముందు, అది త్రాగిన పాలు, కట్టివేసిన చోటు, తిన్న మేత కూడ చూడవలెనని నేను పట్టుపట్టుట ఇందుకే.

1947 అక్టోబరులో బార్ హార్బర్ అడవులకు నిప్పంటుకొని ప్రయోగశాల కాలిపోయినది. ఎలుకలలో అధికభాగము నశించినవి. ఏండ్ల తరబడి తరము తప్పకుండ నడిపిన వంశములు ఒక్క దినమున బూడిదైనవి. కాని అంతకు ముందు ఆ ఎలుకలను కొన్న ప్రయోగశాలలు తమవద్దనున్న సంతతి నుండి జతలను తిరిగి పంపినవి. వంశములు మరల నిలిచినవి. ఒక ఏట వరద వచ్చి మన విత్తనము పోయినప్పుడు, అంతకు ముందేడు మనమిచ్చిన గింజనే పొరుగూరి బంధువు తెచ్చి ఇచ్చినట్లయినది.

2002లో చిట్టెలుక జన్యుపటమును మొత్తము చదివి ప్రచురించినారు. సుమారు 250 కోట్ల అక్షరముల ఆ పటము ఒక సి–57 నల్ల ఆడ ఎలుకది. దాని జన్యువులలో నూటికి 99 వంతులకు మనిషిలో జోడు ఉన్నదని తేలినది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో 1976లో ఏర్పడిన ప్రయోగశాల జంతువుల కేంద్రము కూడ ఈ నల్ల వంశమును పెంచి దేశములోని పరిశోధన సంస్థలకు పంపుచు వచ్చినది. ఆ పెట్టెలలోని ప్రతి ఎలుకకు గ్రాన్బీ కొట్టమున ఒక ముత్తవ్వ ఉన్నది.

పుస్తకములలో కాజిల్, లిటిల్ పేర్లు పెద్దవిగా కనబడును. లాత్రోప్ పేరు చాలకాలము "ఎలుకలు అమ్మినామె" అని ఒక్క పంక్తిలో వచ్చి పోయెడిది. నాకు అది సరియైన లెక్కగా తోచదు. ఎలుకలు అమ్మువారు ఆ దేశమున ఇంకను ఉండిరి. గడ్డ చూచి ఇది ఏమని అడిగినది, ఏ కుటుంబమున వచ్చినదో పుస్తకము తీసి చూపగలిగినది ఆమె. ఆ నోటుపుస్తకములను జాక్సన్ ప్రయోగశాలవారు తమ గ్రంథాలయమున భద్రపరచినారు.